ప్రారంభోత్సవానికి ముందే తొక్కిన సైకిల్

సైకిల్ తొక్కినందుకు మా ఆఫీసు నన్ను సన్మానించింది. సైకిల్ తొక్కినందుకే సస్పెండ్ కూడా చేసింది. రెండు ఉత్తర్వుల మీదా సంతకం ఒక్కరిదే. ఆయన మీద నాకు కోపం లేదు. సన్మానించి నా ప్రాణం మీదికి తెచ్చారు గాని, సస్పెండ్ చేసి నిలబెట్టారు.

ముందు మా ఆఫీసు గురించి చెప్పాలి. మాది సమన్వయ శాఖ. నీళ్ల శాఖ వాళ్లు రోడ్డు తవ్వుతారు. వాళ్లు పూడ్చుకుని పోతే మర్నాడు కరెంటు వాళ్లు తవ్వాలి, ఆ తరవాత టెలిఫోను వాళ్లు తవ్వాలి. ఎంత వృథా! అందుకని మేం అందరికీ లేఖలు రాసి, అందరూ తవ్వుకునేదాకా ఆ గుంటని పూడ్చకుండా కాపాడతాం. దీన్నే సమన్వయం అంటారు. మా ఆఫీసు ఎదురుగా మెయిన్ రోడ్డు మీద ఉన్న గుంట మా శాఖ సాధించిన విజయాల్లో పెద్దది. పక్క జిల్లాల అధికారులు శిక్షణలో భాగంగా వచ్చి దాన్ని చూసి, పక్కన నిలబడి ఫొటో దిగి వెళ్తుంటారు.

అందులో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు బొంతు నూకరాజు. ఇంటి నుంచి ఆఫీసుకి ఆటోలో, కుర్చీ నుంచి క్యాంటీనుకి నెమ్మదిగా, క్యాంటీను నుంచి కుర్చీకి ఇంకా నెమ్మదిగా నా జీవితం సాగిపోతూ ఉండేది. పోయిన వేసవిలో కళ్లు మసకలు కమ్మితే డాక్టర్ సునందగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ రక్తం రిపోర్టు రెండుసార్లు తిరగేశారు.

"మీ అన్నయ్యగారికి షుగర్ వల్లే కదండీ కాలు తీసేసింది? అప్పటికి ఆయన వయసెంత?" అని అడిగారు.

"ఇంచుమించు నా వయసేనండి."

ఆవిడ రిపోర్టు మడిచి నా చేతిలో పెట్టారు. "మందులు పెంచుకుంటూ పోవడం పెద్ద పని కాదు నూకరాజుగారూ. మీ కాళ్లు కదలాలి. రోజూ కదలాలి. లేకపోతే అవి మీవి కాకుండా పోతాయి."

నాకు భయం వేసింది. మా అన్నయ్య చంక కింద కర్ర పెట్టుకుని గుమ్మం దాటడానికి పడే అవస్థ కళ్ల ముందు కదిలింది. ఇంటికొచ్చి మా ఆవిడ మంగతాయారుతో చెప్పాను. ఆవిడ ఏడవలేదు, మొక్కుకోలేదు. పొయ్యి ఆపేసి, చీర మార్చుకుని, నన్ను వెంటబెట్టుకుని వంతెన పక్క సైకిల్ షాపుకి తీసుకెళ్లి, ఎవరో వాడి అమ్మేసిన ఆకుపచ్చ సైకిల్ ఒకటి బేరమాడి కొనేసింది.

"ఆఫీసుకి దీని మీదెల్లండి. రోజూ ఎల్లేదీ, రోజూ వచ్చేదీ ఎలాగూ తప్పదు కదా. ఇంక నడక టైమంటూ వేరే దేనికి?" అంది.

మొదటివారం నరకం చూశాను. తొడలు రాళ్లయిపోయాయి. వీధి చివరికి వెళ్లేసరికి ఊపిరి నోట్లోంచి ముక్కులోంచే కాక చెవుల్లోంచి కూడా వచ్చేది. అయితే సైకిల్ మెల్లగా మనిషికి బుద్ధి చెబుతుంది. సీటు ఎత్తు పెంచితే మోకాళ్ల నొప్పి తగ్గుతుందని తెలిసింది. ప్యాంటు అంచుకి రబ్బరు బ్యాండు వేసుకోకపోతే గొలుసులో పడుతుందని, పడ్డాక తెలిసింది. లారీలు తిరిగే మెయిన్ రోడ్డు మానేసి కాలవ గట్టు పట్టుకున్నాను. అటు కాస్త దూరమే గాని చెట్ల నీడ, రెండు పక్కలా గడ్డి, ఎదురొస్తే గేదెలు. బయల్దేరే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూసుకునేవాణ్ణి. వెనక మడ్‌గార్డుకి మెరిసే ఎర్ర టేపు అంటించాను. మా ఆవిడ ఒక హెల్మెట్ కొనిపెట్టింది. సంచీలో తువ్వాలు, ఇస్త్రీ చొక్కా పెట్టుకుని వెళ్లి, ఆఫీసు బాత్రూంలో మొహం కడుక్కుని మార్చుకునేవాణ్ణి. వర్షాలు మొదలయ్యేసరికి బెల్టుకి కొత్త కన్నం పొడవాల్సి వచ్చింది. షుగర్ సగానికి సగం దిగింది. డాక్టర్‌గారు రిపోర్టు చూసి నవ్వారు. ఆ రోజు కాలవ గట్టు మీద, ఎవరూ లేకుండా చూసి, రెండు చేతులూ వదిలేసి తొక్కాను. నిజం చెప్పొద్దూ, అంత సంతోషం నాకు ప్రమోషన్ వచ్చిన రోజు కూడా కలగలేదు.

సరిగ్గా అప్పుడే మా డైరెక్టర్ విశ్వంభరరావుగారి కంట పడ్డాను.

విశ్వంభరరావుగారు భాష తెలిసిన మనిషి. మంచినీళ్లు కావాలన్నా "జలసేవనం ఆవశ్యకమైంది" అంటారు. ఆ పొద్దున పైనుంచి ఆరోగ్య పక్షోత్సవాలు జరపమని ఉత్తర్వు వచ్చింది. ఏం జరపాలో తోచక ఆయన వరండాలో పచార్లు చేస్తుంటే, నేను చెమటలు కక్కుతూ గేట్లోంచి లోపలికి వచ్చాను.

"నూకరాజుగారూ, ఏమిటిది?"

"సైకిలండి."

"అది దృగ్గోచరమవుతూనే ఉంది. దీనికి ప్రేరణ ఏమిటి?"

"షుగరండి."

ఆయన నా చుట్టూ ఒకసారి, సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగారు. "కాదు. ఇది మన శాఖ దూరదృష్టి. మీరు దానికి సజీవ నిదర్శనం," అన్నారు. నేను అప్పుడే పారిపోవాల్సింది, తోచలేదు.

మర్నాడు సన్మానం. శాలువా కప్పారు. దండ వేశారు. జ్ఞాపిక ఇచ్చారు. సన్మానమన్నాక నోరు తీపి చెయ్యకుండా వదలరు కదా. పాకం కారుతున్న కాజా ఒకటి డైరెక్టర్‌గారు స్వహస్తాలతో నా నోటికి అందించారు. "సార్, నాకు..." అనబోయాను. నోరు తెరవడమే పొరపాటైంది, కాజా లోపలికి వెళ్లిపోయింది. ఫొటో పేపర్లో పడింది. 'ఆదర్శ సైకిల్ ఉద్యోగి' అని కింద రాశారు. దాన్ని చూసి మంత్రిగారు శుభాకాంక్షలు పంపారు. మంత్రిగారు శుభాకాంక్షలు పంపారు కనక అది పథకమైపోయింది. 'సురక్షిత సైకిల్ ప్రయాణ పథకం' అని పేరు పెట్టి, మా శాఖలో అందరూ సైకిల్ మీదే ఆఫీసుకి రావాలనీ, అయితే భద్రంగా రావాలనీ, ఆ భద్రత ఏమిటో తేల్చడానికి ఒక కమిటీ పని చేస్తుందనీ ఉత్తర్వు వెలువడింది.

కమిటీకి అధ్యక్షుడు మా సూపరింటెండెంట్ కామేశంగారు. ఆయన జన్మలో సైకిల్ ఎక్కలేదు. అందువల్ల నిష్పాక్షికంగా ఉంటారని డైరెక్టర్‌గారి నమ్మకం. అనుభవజ్ఞుడినని నన్ను సభ్యుడిగా వేశారు.

"సైకిల్‌కి చక్రాలెన్ని?" అని మొదలుపెట్టారు కామేశంగారు.

"రెండండి."

"ఆఫీసు జీపుకి?"

"నాలుగండి."

"అంటే సైకిల్‌కి భద్రత సగమే. రాసుకోండి," అన్నారు. రాసుకున్నారు.

సైకిల్‌కి రెండు పక్కలా అద్దాలుండాలని తీర్మానించారు. మలుపుల దగ్గర వెలిగి ఆరే దీపాలుండాలన్నారు. దీపాలకి బ్యాటరీ కావాలి. వెనక బ్యాటరీ బరువుకి ముందు చక్రం పైకి లేవకుండా ముందు ఒక ఇనప దిమ్మ ఉండాలి. ఇన్ని పెట్టాక పక్కకి పడిపోతుంది కనక మూడో చక్రం ఉండాలి. అంత బండిని ఒక మనిషి తొక్కలేడు కనక వెనకనుంచి తొయ్యడానికి ఒక సహాయకుడు ఉండాలి. సహాయకుడు రోడ్డు మీద నడుస్తాడు కనక అతని భద్రత గురించి వేరే ఉపసంఘం చూడాలి.

నేను చెయ్యెత్తాను. "అంత అక్కర్లేదండి. మన ఎదర గుంట పూడ్చి, రోడ్డు వారన సైకిళ్లకి ఒక గీత గీయిస్తే చాలు. మెల్లగా వచ్చేస్తాం."

అందరూ నన్ను అదోలా చూశారు. కామేశంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నూకరాజుగారూ, గుంట సమన్వయంలో ఉంది. ఇంకా గ్యాస్ పైపుల వాళ్లు రావాలి. అదీగాక ఈ కమిటీ పరిధి సైకిల్ వరకే. రోడ్డు మన పరిధిలోకి రాదు."

"సైకిల్ నడిచేది రోడ్డు మీదే కదండీ?"

"నడిచినప్పుడు చూద్దాం," అన్నారాయన.

చివరి తీర్మానం అసలైంది. షుగరు, బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు సైకిల్ ఎక్కితే ప్రమాదం కనక, ఇవేవీ లేవని డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చినవాళ్లకే అనుమతి.

"అవి తగ్గడానికేనండి తొక్కేది," అన్నాను.

"తగ్గాక తొక్కండి. ఎవరు వద్దన్నారు?" అన్నారు కామేశంగారు ఎంతో దయగా.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్దామని స్టాండు దగ్గరికి వస్తే నా సైకిల్ లేదు. పోర్టికోలో ఎర్ర తివాచీ మీద నిలబెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి, హ్యాండిల్‌కి అడ్డంగా రిబ్బన్ కట్టి ఉంది. పక్కన శిలాఫలకం, దాని పక్కన తుపాకీతో కాపలావాడు. డైరెక్టర్‌గారు మెట్ల మీద నిలబడి దాన్నే చూసి మురిసిపోతున్నారు.

"సార్, నా సైకిలు..."

"ఇక అది మీది కాదు నూకరాజుగారూ. అది పథకానికి చిహ్నం. మంత్రివర్యులు వచ్చి ప్రారంభించేదాకా దాన్ని ఎవరూ స్పృశించరాదు."

"మరి నేను ఇంటికెలా వెళ్లాలండి?"

"మీరూ చిహ్నమే. మీకేమైనా జరిగితే పథకం ఏమైపోతుంది? ఇకనుంచి మీ రాకపోకలకి ఆఫీసు జీపు ఏర్పాటు చేశాం."

అలా నేను సైకిల్ తొక్కినందుకు బహుమానంగా జీపు ఎక్కాను. డ్రైవర్ ఇమాం నన్ను ఇంటి గుమ్మం ముందు దింపి, మర్నాడు గుమ్మం ముందే ఎక్కించుకునేవాడు. "మీరు నడవకండి సార్, రాళ్లున్నాయి. మీకేటైనా అయితే నా ఉద్దోగం పోద్ది," అనేవాడు. వాడి తప్పేం లేదు. నా భద్రతకి బాధ్యుడని వాడి చేత సంతకం చేయించుకున్నారు.

మంత్రిగారు రేపొస్తారు, ఎల్లుండి వస్తారు అన్నారు. తరవాత శాసనసభ అన్నారు. అది అయిపోగానే మూఢం వచ్చింది. మూఢంలో ప్రారంభోత్సవాలేమిటని ఆపేశారు. ఈలోగా పథకం ఊరుకోకూడదు కదా. రోజూ పొద్దున్నే ఉద్యోగులందరూ హాల్లో నిలబడి చెయ్యి చాపి సైకిల్ ప్రతిజ్ఞ చేసేవాళ్లు. చేశాక అలసట తీరడానికి క్యాంటీన్లో పెసరట్టు ఉప్మా. ఊళ్లో అవగాహన సైకిల్ ర్యాలీ కూడా తీశాం. ముందు లారీ మీద నా సైకిల్, దాని పక్కన దండలతో నేను, వెనక జీపుల్లో మిగతావాళ్లు. జనం రోడ్డుకి రెండు పక్కలా నిలబడి సైకిల్‌కి దణ్ణాలు పెట్టారు. నిజంగా సైకిల్ మీద వెళ్తున్న పాలవాణ్ణి ఒకణ్ణి, ర్యాలీకి అడ్డొస్తున్నాడని పోలీసులు పక్కకి లాగేశారు.

సైకిల్ వల్ల లాభాలు చెప్పమని ప్రతి ఆఫీసూ నన్ను పిలిచేది. జీపులో వెళ్లేవాణ్ణి, కుర్చీలో కూర్చుని మాట్లాడేవాణ్ణి, శాలువా కప్పించుకునేవాణ్ణి. ప్రతిచోటా నోరు తీపి చేసేవాళ్లు. ఒకచోట పూతరేకులు, ఒకచోట బొబ్బట్లు. వద్దంటే ముఖ్య అతిథి చిన్నబుచ్చుకుంటాడు, కెమెరావాడు విసుక్కుంటాడు. మా ఇంట్లో బీరువా తెరిస్తే శాలువాలు మీద పడేవి. బెల్టు మళ్లీ పాత కన్నాలకి వెళ్లి, వాటిని కూడా దాటిపోయింది. ఇంటి మేడ మెట్లు ఎక్కితే సైకిల్ మొదటివారం వచ్చినంత ఆయాసం వచ్చేది.

మంగతాయారు ఒకరోజు నా చొక్కా జేబులో నలిగిన కాజా పొట్లం చూసింది. "తినేది మీరు కాదు, ఆళ్లు తినిపిత్తన్నారు, నాకు తెలుసు. కానీ పోయేది మీ కాలేనండి," అంది. ఆ రోజే నన్ను డాక్టర్‌గారి దగ్గరికి లాక్కెళ్లింది.

సునందగారు నన్ను పడుకోబెట్టి కళ్లు మూసుకోమన్నారు.

"అరికాలికి దారం ఆనించాను. తెలుస్తోందా?"

"ఎప్పుడు ఆనిస్తారండీ?" అన్నాను.

కళ్లు తెరిచి చూస్తే ఆవిడ చేతిలోని దారం నా అరికాలి మీదే ఉంది. మంగతాయారు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. పెళ్లయ్యాక ఆవిడ ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. బయటికొచ్చాక ఇమాం జీపు తలుపు తీసి పట్టుకున్నాడు. నేను ఎక్కలేకపోయాను. రోడ్డు మీదే నిలబడి ఏడ్చాను.

మర్నాడు జీపు రాకముందే ఇంట్లోంచి బయటపడి, ఆగి ఆగి నడుచుకుంటూ ఆఫీసుకి వెళ్లాను. పోర్టికోలో నా సైకిల్ ప్లాస్టిక్ చుట్టుకుని నిలబడి ఉంది. ప్లాస్టిక్ చింపేశాను. రిబ్బన్ పళ్లతో కొరికి తెంపాను. బ్రేకులు నొక్కి చూసుకుని ఎక్కాను. కాపలావాడు ప్రారంభోత్సవం మొదలైందనుకుని తుపాకీ ఎత్తి సెల్యూట్ కొట్టాడు. గేటు దాటి, గుంట చుట్టూ తిరిగి, కాలవ గట్టెక్కాను. చక్రాల్లో గాలి సగమే ఉంది, నాలో అదీ లేదు. అయినా తొక్కాను. గట్టు మీద గేదెలు నన్ను చూసి ఏ ప్రోటోకాలూ పాటించకుండా దారి ఇచ్చాయి.

తిరిగొచ్చేసరికి ఆఫీసు మొత్తం పోర్టికోలో ఉంది. విశ్వంభరరావుగారు తెగిన రిబ్బన్ ముక్కని రెండు చేతుల్లో పట్టుకుని చూస్తున్నారు. జీవితంలో మొదటిసారి ఆయన నోట మామూలు మాట వచ్చింది.

"ఎంత పని చేశారండీ! పథకాన్ని ప్రారంభించేశారు!"

"సైకిల్ తొక్కానండి, అంతే."

"తొక్కడం నేరం కాదు. తొక్కమనే కదా పథకం. ముందుగా తొక్కడం నేరం. శిలాఫలకం మీద మంత్రివర్యుల అమృతహస్తాలని చెక్కించాం. ఇప్పుడక్కడ ఎవరి హస్తాలని రాయాలి? సీనియర్ అసిస్టెంటు హస్తాలనా?"

కామేశంగారు బుర్ర గోక్కుని ఒక ఉపాయం చెప్పారు. నేను ఎంత దూరం తొక్కానో అంత దూరం సైకిల్‌ని వెనక్కి నడిపిస్తే ప్రారంభం రద్దయిపోతుందన్నారు. అందరికీ నచ్చింది. ఇద్దరు అటెండర్లు సైకిల్‌ని వెనక్కి తోసుకుంటూ బయల్దేరారు. వెనక ఏముందో వెనక్కి నడిచేవాళ్లకి కనపడదు కదా. గుంటలో పడ్డారు. దెబ్బలేమీ తగల్లేదు గాని ప్రారంభం రద్దు కాలేదు.

సాయంత్రానికి ఉత్తర్వు చేతికిచ్చారు. ఇప్పటికీ నాకది కంఠతా వచ్చు. 'గౌరవ మంత్రివర్యుల హక్కుభుక్తమైన ప్రథమారోహణమును సదరు ఉద్యోగి స్వయముగా నిర్వర్తించినందున ఇతనిని తక్షణము సస్పెండు చేయడమైనది. సస్పెన్షను కాలములో ఆఫీసు వాహనము వర్తించదు. సన్మానములు వర్తించవు. ప్రతిదినము కాలువ ఆవలనున్న శాఖ గోడౌనునందు హాజరు సంతకము చేయవలెను. ప్రారంభమైపోయిన సైకిలు పథకమునకు పనికిరాదు గావున దానిని ఇతడే తొలగించుకొని పోవలెను.'

రెండుసార్లు చదువుకుని, సైకిల్ తొలగించుకుని పోయాను.

గోడౌను మా ఆఫీసుకన్నా దూరం. రోజూ పొద్దున్నే గట్టు మీద వెళ్లి సంతకం పెట్టి, మళ్లీ గట్టు మీద వచ్చేవాణ్ణి. సస్పెండైనవాణ్ణి ఎవరూ ఉపన్యాసానికి పిలవరు. ఎవరూ నోరు తీపి చెయ్యరు. ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్లిపోతారు, కనీసం టీ తాగమని కూడా అనరు. ఇంతకన్నా మంచి పథ్యం ఏ డాక్టరూ రాయలేరు. సగం జీతమే వస్తుందని దిగులుపడ్డాను గాని మంగతాయారు తేలిగ్గా తీసిపారేసింది. "సగం జీతానికి సగం అన్నం. డాట్రుగారు చెప్పిందీ అదే కదేటి," అంది.

చలికాలం వెళ్లేసరికి బెల్టు కొత్త కన్నానికి వచ్చింది. సునందగారు మళ్లీ కళ్లు మూసుకోమన్నారు.

"తెలుస్తోందా?"

"చక్కిలిగింతలండి," అని కాలు లాక్కున్నాను.

మంగతాయారు గట్టిగా నవ్వింది. నవ్వుతూనే నా అరికాలి మీద తనూ ఒకసారి గోరుతో గీసి చూసుకుంది. నేను మళ్లీ లాక్కున్నాను. డాక్టర్‌గారి ముందు ఇదేం పనని కూడా మాకు అనిపించలేదు. మా అన్నయ్యకి రాని అదృష్టం నాకు వచ్చింది, అదీ సస్పెన్షన్ ఉత్తర్వు మీద వచ్చింది.

ఇలా సుఖంగా ఉండగా మంత్రిగారు మారిపోయారు. కొత్త మంత్రిగారు పాత పేపర్లు తిరగేస్తూ నా ఫొటో చూసి, "ఈ సైకిలాయన ఏడీ? ఈయన చేతే పథకం మొదలెడదాం," అన్నారట. ఆదర్శ ఉద్యోగి సస్పెన్షన్‌లో ఉన్నాడని చెప్పడానికి మా డైరెక్టర్‌గారికి నోరు రాలేదు. వెంటనే నా మీద విచారణ జరిపించి, నన్ను నిర్దోషిని చెయ్యాలని నిశ్చయించారు.

విచారణాధికారి పుండరీకాక్షయ్యగారు, రిటైరైన పెద్దమనిషి. నేను వెళ్లగానే కాళ్లావేళ్లా పడ్డాను.

"నేరం చేశానండి. ప్లాస్టిక్ చింపాను, రిబ్బన్ కొరికాను, సైకిల్ తొక్కాను. బుద్ధిపూర్వకంగానే చేశాను. నన్ను శిక్షించండి."

"ఆవేశపడకండి నాయనా. మిమ్మల్ని రక్షించే బాధ్యత నాది," అన్నారాయన. "మీరు తొక్కినదానికి అద్దాలున్నాయా?"

"లేవండి."

"బ్యాటరీ? ఇనప దిమ్మ? మూడో చక్రం? తోసే సహాయకుడు?"

"ఏవీ లేవండి."

"కమిటీ నిర్వచనం ప్రకారం ఇవన్నీ ఉన్నదే సైకిల్. కనక మీరు తొక్కినది సైకిల్ కాదు. సైకిల్ కానిదాన్ని తొక్కితే సైకిల్ పథకం ఎలా ప్రారంభమవుతుంది? మీరు నిర్దోషి. అసలు ఇన్నాళ్లలో మీరు ఒక్కనాడైనా సైకిల్ తొక్కలేదు."

"నా షుగర్ తగ్గిందండీ! కావాలంటే రిపోర్టు చూడండి!"

"అది వేరే శాఖ," అన్నారు పుండరీకాక్షయ్యగారు.

నన్ను మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. జీపు గుమ్మంలోకి వచ్చింది. సైకిల్‌ని వ్యాన్‌లో ఎక్కించుకుపోయి, ఈసారి అద్దాలూ, బ్యాటరీ, దిమ్మా, మూడో చక్రం అన్నీ బిగించి, ముగ్గురు మనుషులు మోసుకొచ్చి తివాచీ మీద నిలబెట్టారు. అది ఇంక ఎవరు తొక్కినా కదలదు. భద్రత సంపూర్ణమైందని కామేశంగారు నివేదిక ఇచ్చారు.

ప్రారంభోత్సవానికి షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. ఆదర్శ ఉద్యోగి సతీమణి అని మంగతాయారుని ముందు వరసలో కూర్చోబెట్టారు. కొత్త మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, సైకిల్ సీటు మీద చెయ్యి వేసి, పథకం ప్రారంభమైందన్నారు. నాకు శాలువా కప్పారు. పళ్లెం వచ్చింది. అందులో పిడికిలంత కాజా. మంత్రిగారు దాన్ని తీసి నా నోటికి అందించబోతూ, కెమెరాల కోసం చెయ్యి అక్కడే ఆపారు. పాకం ఆయన మణికట్టు మీదుగా కారుతోంది. నాకు డాక్టర్‌గారి గది గుర్తొచ్చింది. నోరు గట్టిగా మూసుకున్నాను. వెనకనుంచి విశ్వంభరరావుగారు, "నోరు తెరవండి, నూకరాజుగారూ, తెరవండి!" అని పళ్లబిగువున అంటున్నారు.

అప్పుడు మంగతాయారు లేచింది. చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని వేదిక మెట్లు ఎక్కింది. దణ్ణం పెట్టడానికి వస్తోందనుకుని పోలీసులు దారి ఇచ్చారు. తిన్నగా మంత్రిగారి దగ్గరికి వచ్చి, ఆయన చేతిలోంచి కాజా తీసుకుంది.

"ఆయనకి షుగరండి, బాబూ. మీ అందరూ కలిసి సంపేత్తారేటి?" అంది మైకు ముందే. అని, ఆ కాజాని అందరూ చూస్తుండగా తనే తినేసింది. పూర్తిగా తిన్నాక, "నేతిదే, బావుంది," అని చెయ్యి కొంగుకి తుడుచుకుంది.

షామియానా దద్దరిల్లింది. జనం ఈలలు వేశారు. మర్నాడు పేపర్లన్నిటిలో మంత్రిగారి చేతి మిఠాయి తింటున్న మంగతాయారే ఉంది. సైకిల్ ఏ ఫొటోలోనూ పడలేదు.

అయితే ఉత్తర్వు పేపర్లకన్నా ముందే, అదే సాయంత్రం నా చేతికి వచ్చింది. 'సదరు ఉద్యోగి కుటుంబ సభ్యురాలు బహిరంగ సభయందు గౌరవ మంత్రివర్యుల హస్తము నుండి తినుబండారమును అపహరించి భక్షించినందున, ఉద్యోగిని తక్షణము సస్పెండు చేయడమైనది.' కింద మామూలే. జీపు వర్తించదు, సన్మానాలు వర్తించవు, గోడౌనులో రోజూ సంతకం. వంటింటి గుమ్మంలో నిలబడి పైకి చదివి వినిపించాను. చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. "నా కోసం ఎంత పరువు పోగొట్టుకున్నావు మంగా," అన్నాను.

"పరువుకేటండి, మళ్లీ వత్తాది. కాలు రాదు కదా," అంది కూర కలుపుతూ. మంట తగ్గించి, "మళ్లీ ఇచారణ పెడతారేటి?" అని అడిగింది.

"పెడతారు. పెట్టకుండా వదలరు."

గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"అయితే ఈసారి మాత్రం నేరం ఒప్పుకోకండి. పోయినసారి ఒప్పుకున్నారు కాబట్టే వెంటనే వదిలేశారు. 'మాకేం తెలీదు, మేమే తప్పూ చెయ్యలేదు' అని గట్టిగా చెప్పండి. ఇచారణ మీ రిటైర్మెంటు దాకా నడుస్తాది."